యాంటీబయాటిక్స్ వాడాక కడుపు కుదుటపడటం లేదు, ఏం తినాలి?

ఖమ్మం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాశారు. వయసు 36. నిరుడు నాలుగు నెలల్లో మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చిందట: పంటి చీముకు అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఏడు రోజులు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్ససిన్ ఐదు రోజులు, జ్వరానికి సెఫిక్సిమ్ ఐదు రోజులు. అప్పటి నుంచి పొద్దున్నే మూడు నాలుగు వదులు విరేచనాలు, సాయంత్రం నాలుగయ్యేసరికి చీర కుచ్చిళ్లు బిగిసేంత ఉబ్బరం. రక్తం పడటం లేదు, జ్వరం లేదు, రాత్రిపూట లేవాల్సిన అవసరం రావడం లేదు. స్కానింగులో ఏమీ లేదన్నారు. రక్తంలో బి12 మాత్రం తక్కువగా, 170 ఉంది. మాంసం తినరు, గుడ్డు ఎప్పుడో ఒకసారి.

ఉబ్బరం వచ్చినప్పుడల్లా ఒక్కో పదార్థం మానేస్తూ వచ్చారు. ముందు కందిపప్పు, తర్వాత శనగలు, పాలు, ఉల్లి, వెల్లుల్లి, వంకాయ. ఇప్పుడు మిగిలింది తెల్లన్నం, చారు, మజ్జిగ, బ్రెడ్డు. ఐదు నెలల్లో బరువు 58 కిలోల నుంచి 54కి వచ్చింది. మూడు రకాల ప్రోబయాటిక్ గోలీలు, అంటే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు ఉండేవి, మార్చి మార్చి వేశారు, ఏదీ పది రోజులకు మించి వాడలేదు. పేగుల్లోని బ్యాక్టీరియాను పరీక్షించే కిట్ పద్నాలుగు వేలకు వస్తోంది, తెప్పిద్దామని భర్త అంటున్నారు. అత్తగారేమో "రోజూ చద్దన్నం తిను, అదే కుదురుతుంది" అంటున్నారు. వచ్చే నెల రూట్ కెనాల్ ఉంది, మళ్లీ యాంటీబయాటిక్స్ ఇస్తారేమోనని ఈమెకు భయం. ఉత్తరంలో ఇంకో రెండు మాటలు కూడా ఉన్నాయి: పంటి బాధ మొదలైనప్పటి నుంచి చక్కెర లేని చూయింగ్ గమ్ రోజుకు ఏడెనిమిది నములుతున్నారు, అప్పట్లో యాంటీబయాటిక్‌తో పాటు రాసిన, పొట్టలో ఆమ్లం తగ్గించే ప్యాంటోప్రజోల్ 40 మి.గ్రా. గోలీ ఇప్పటికీ పరగడుపున వేసుకుంటూనే ఉన్నారు. మంచి ప్రోబయాటిక్ ఏదో చెప్పమని, పప్పు మళ్లీ తినగలనా అని, బ్యాక్టీరియా బాగుపడితే బి12 దానంతటదే పెరుగుతుందా అని అడిగారు.

ఉత్తరంలో ప్రోబయాటిక్స్ గురించి రెండు పేజీలు రాశారు. నాకు మాత్రం మీరు ఒక్కో వాక్యంలో దాటేసిన ఆ చూయింగ్ గమ్, ఆ ప్యాంటోప్రజోలే ముఖ్యంగా కనిపించాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

చక్కెర లేని గమ్‌లో తీపి కోసం సార్బిటాల్, జైలిటాల్ లాంటివి వేస్తారు. చిన్నపేగు వీటిని సరిగా పీల్చుకోలేదు. మిగిలింది పెద్దపేగులోకి పోతూ తనతో నీటిని కూడా లాక్కుపోతుంది. అక్కడున్న బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి వాయువు చేస్తుంది. ఒక్కో గమ్‌లో సుమారు ఒక గ్రాము సార్బిటాల్ ఉంటుందనుకుంటే, మీ కడుపులోకి రోజూ ఏడెనిమిది గ్రాములు వెళుతోంది. చాలామందికి ఐదు నుంచి పది గ్రాములతోనే ఉబ్బరం మొదలవుతుంది, ఇంకా ఎక్కువైతే విరేచనం వదులవుతుంది. నమిలేటప్పుడు మింగే గాలి దీనికి అదనం. బడిలో పొద్దుటి నుంచి నమిలిన గమ్‌కి సాయంత్రం కడుపు ఉబ్బితే, ఆ నింద మధ్యాహ్నం తిన్న పప్పు మీద పడింది.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే చాలా అనుమానాలు తీరతాయి. తిన్నది పొట్ట, చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. బ్యాక్టీరియాలో అత్యధిక భాగం ఉండేది ఆ పెద్దపేగులోనే. ఒంటిగంటకు తిన్న పప్పు నాలుగింటికి పెద్దపేగు గుమ్మం దగ్గరికి వచ్చి ఉంటుందేమో గానీ, పూర్తిగా పులిసి ఉండదు. నాలుగింటి ఉబ్బరానికి కారణం వెతకాలంటే పొద్దున ఎనిమిదింటి నుంచి పదకొండు దాకా నోట్లోకి ఏం వెళ్లిందో చూడాలి. మీరు మానేసినవాటిలో సగం తప్పు చేయకుండానే శిక్ష పడినవి అయి ఉండవచ్చు.

ఇక ప్యాంటోప్రజోల్. యాంటీబయాటిక్ రాసినప్పుడు తోడుగా 'గ్యాస్ గోలీ' రాయడం మన దగ్గర మామూలైపోయింది. కోర్సు అయిపోయాక దాన్ని ఆపమని ఎవరూ చెప్పరు, వేసుకునేవాళ్లూ ఆపరు. పొట్టలోని ఆమ్లం నోటి నుంచి దిగే సూక్ష్మజీవులను చంపే కాపలా. దాన్ని నెలల తరబడి అణిచి ఉంచితే కింద బ్యాక్టీరియా కూర్పు మారుతుంది, పేగు ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. ఆహారంలోని ప్రోటీన్ నుంచి బి12 విడిపోవడానికి కూడా ఆ ఆమ్లం కావాలి. పాలు మానేశారు, మాంసం లేదు, పైన ఈ గోలీ. 170కి ఇవే చాలు.

అలాగని రేపటి నుంచి గోలీ పారేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎగదన్నుతుంది. రెండు నుంచి నాలుగు వారాలు గుండెల్లో మంట వస్తే 'చూశావా, గోలీ లేకపోతే కుదరదు' అనిపించి మళ్లీ మొదలుపెడతారు. మీ డాక్టర్‌తో మాట్లాడి 40 నుంచి 20 మి.గ్రా.కు దించి రెండు వారాలు, తర్వాత రోజు మార్చి రోజు ఇంకో రెండు వారాలు వాడి ఆపడం ఒక పద్ధతి. మధ్యలో మంట వస్తే యాంటాసిడ్ సిరప్ సరిపోతుంది. అయితే మెగ్నీషియం ఉన్న సిరప్ విరేచనాన్ని ఇంకా వదులు చేస్తుంది కాబట్టి సీసా మీద చూసి కొనండి. గతంలో అల్సర్ ఉన్నా, నొప్పి మాత్రలు గానీ రక్తం పలచబడే మందులు గానీ వాడుతున్నా మీ అంతట మీరు ఆపకూడదు.

బి12 ప్రశ్నకు జవాబు: పెరగదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా బి12 తయారుచేసే మాట నిజమే. కానీ మన శరీరం దాన్ని పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగంలో, అంటే అంతకంటే ముందే. దిగువ ఊరి చెరువు నీళ్లు ఎగువ పొలానికి పారవు కదా, ఇదీ అంతే. మాత్ర వేసుకోవాల్సిందే. రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర చాలామందికి సరిపోతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి, ఇంజెక్షన్లు అవసరం కావచ్చు.

బరువు నాలుగు కిలోలు తగ్గడం నాకు నచ్చలేదు. తిండి తగ్గింది కాబట్టి తగ్గి ఉండవచ్చు, కానీ అదే కారణమని పరీక్ష లేకుండా అనుకోకూడదు. కిట్‌కి పెట్టబోయే డబ్బులో కొంతతో ఈ పరీక్షలు చేయించండి: పూర్తి రక్తపరీక్ష, థైరాయిడ్, గోధుమ పడని జబ్బును పట్టే టీటీజీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్. చివరిది గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగులో వాపు జబ్బు లేదని చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. టీటీజీ చేయించే దాకా బ్రెడ్డు, చపాతీ మానకండి, మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు. మలంలో రక్తం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనం, జ్వరం, రక్తహీనత, ఆగకుండా తగ్గుతున్న బరువు వీటిలో ఏది కనిపించినా నేను కింద రాసేదంతా పక్కన పెట్టి గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

ఇవన్నీ బాగున్నాయని తేలితే మీ ముందు కొన్ని దారులున్నాయి.

మొదటిది, నాకు ఎక్కువ నమ్మకమున్నది: ఉన్న బ్యాక్టీరియాకు నెమ్మదిగా మళ్లీ తిండి పెట్టడం. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని 2016లో వేసిన ఒక అంచనా. అంతా కలిపితే పావుకిలో లోపే. మనం అరిగించుకోలేని పీచు, కొంత పిండిపదార్థం వాటి ఆహారం. వాటిని పులియబెట్టి అవి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలను వదులుతాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఇంధనం ఆ బ్యూటిరేటే. పీచు అందకపోతే కొన్ని జాతులు పేగు గోడను కాపాడే జిగురు పొరనే తినడం మొదలుపెడతాయని ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది.

మీరు ఇప్పుడు తింటున్నది లెక్కేద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. రోజుకు పావుకిలో బియ్యం వండుకున్నా 7 గ్రాములు. మీకు కావాల్సింది 25 గ్రాముల పైమాటే. అదే పట్టికలో రాగులు 11, జొన్నలు 10. యాంటీబయాటిక్స్ మొదటి దెబ్బ కొట్టాయి, బతికి బట్టకట్టినవాటిని ఐదు నెలలుగా పస్తు పెట్టింది ఈ భోజనం. పస్తున్నదాని ముందు ఒక్కరోజు పండక్కి గిన్నెడు శనగలు పెడితే, వాటిని అలవాటుగా అరిగించే జాతులు తక్కువగా ఉన్న చోట ఇబ్బంది తప్పదు. అప్పుడు వచ్చే వాయువును చూసి 'నాకు పప్పు పడదు' అని మీరు తీర్మానించేశారు.

క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి రెండు వారాలు తిండిలో ఏదీ మార్చొద్దు, గమ్ మాత్రం పూర్తిగా ఆపండి. నోటికి ఏదో ఒకటి కావాలంటే సోంపు నాలుగు గింజలు వేసుకోండి. రెండూ ఒకేసారి మార్చితే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు కాబట్టి ప్యాంటోప్రజోల్ తగ్గించడం ఈ రెండు వారాల తర్వాతే. ఈ పక్షంలోనే సగం ఉబ్బరం తగ్గినా నేను ఆశ్చర్యపోను.

మూడో వారంలో పొట్టు తీసిన పెసరపప్పు. ఉడికింది రెండు పెద్ద చెంచాలు, మధ్యాహ్నం మాత్రమే, నాలుగు రోజులు. బాగుంటే నాలుగు చెంచాలు, ఇంకో నాలుగు రోజులు. ఆ తర్వాత కందిపప్పు అదే కొలతలో. అలసందలు, శనగలు ఆరో వారం దాటాకే. పప్పుల్లో రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో లేదు, బ్యాక్టీరియాకు ఉంది. అవి నీళ్లలో కరుగుతాయి కాబట్టి శనగలు, అలసందలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి, కొత్త నీళ్లలో ఉడికించాలి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పేస్టులా మెదగాలి, నడుమ గట్టిగా తగిలితే ఇంకో రెండు విజిల్స్ రానివ్వండి. త్వరగా ఉడకాలని వంటసోడా వేస్తే బి1 విటమిన్ పోతుంది.

కూరల్లో ముందు బీర, సొర, పొట్ల. వంకాయ, గోరుచిక్కుడు నెల తర్వాత. ఉల్లి, వెల్లుల్లి అన్నిటికన్నా చివర. అప్పటిదాకా రుచి కోసం ఒక ఉపాయం ఉంది: వాటిలో ఇబ్బంది పెట్టే ఫ్రక్టాన్లు అనే పులిసే పిండిపదార్థాలు నూనెలో కరగవు, నీళ్లలో కరుగుతాయి. కాగిన నూనెలో రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి, ఎర్రబడి వాసన దిగాక తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టుకోవచ్చు. అవే రెబ్బలు చారులో మరిగితే తీసేసినా లాభం లేదు, పోవాల్సింది అప్పటికే నీళ్లలోకి పోయింది.

ఏదైనా పెంచినప్పుడు కాస్త గడబిడ, కాస్త గాలి వస్తాయి. అవి బ్యాక్టీరియా పని చేస్తోందనడానికి గుర్తు, పేగు దెబ్బతిన్నట్టు కాదు. నొప్పి, నీళ్ల విరేచనం వస్తే మాత్రం అంతకుముందు కొలతకు తగ్గి ఒక వారం ఆగండి. పూర్తిగా మానేయడం మాత్రం వద్దు. ఈ దారిలో కష్టమల్లా ఓపికే, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

చద్దన్నం సంగతి. అత్తగారి మాటలో విషయం ఉంది. వండి చల్లార్చిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి, చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది. అయితే అది వంద గ్రాముల అన్నానికి ఒకటి రెండు గ్రాములకు మించదు. రాత్రంతా పులిసినప్పుడు ల్యాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. మంచిదే, కానీ అదొక్కటే ఐదు నెలల పస్తును తీర్చదు. జాగ్రత్త పడాల్సింది చేసే తీరులో. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. పొద్దున వండిన అన్నాన్ని సాయంత్రం దాకా పొయ్యి పక్కనే వదిలేసి, రాత్రి పడుకోబోయే ముందు నీళ్లు పోస్తే, అప్పటికే అది పెరిగి విషాన్ని వదిలి ఉండవచ్చు. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి తాజాగా వండి, గంట లోపు వెచ్చదనం తగ్గగానే మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల పుల్లటి మజ్జిగ కలిపి మూత పెట్టండి. పుల్లదనం త్వరగా పట్టుకుంటే చెడు బ్యాక్టీరియాకు చోటుండదు. పొద్దున్నే తినేయాలి, మధ్యాహ్నానికి దాచకూడదు. జిగురు సాగినా, వాసన తేడాగా ఉన్నా పారేయండి. మొదట్లో వారానికి మూడు రోజులు చాలు. మిగతా రోజుల్లో రాగి అంబలి: మూడు పెద్ద చెంచాల పిండి, అంటే దాదాపు 30 గ్రాములు, ఉడికించి చల్లారాక మజ్జిగ కలుపుకోండి. అందులో 3 గ్రాముల పీచు వస్తుంది. ఇడ్లీ పిండి పులిసినా, ఆవిరికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మజ్జిగ పులుసూ అంతే. తేలిగ్గా అరుగుతాయి కాబట్టి తినండి, కానీ బతికున్న బ్యాక్టీరియా కోసం పచ్చి పెరుగునే లెక్కలో పెట్టుకోండి.

పాల విషయానికి వస్తే, పేగుకు దెబ్బ తగిలాక పాలలోని ల్యాక్టోస్‌ను అరిగించే శక్తి కొన్నాళ్లు తగ్గుతుంది, తర్వాత తిరిగి రావచ్చు. ఒక గ్లాసు పాలలో సుమారు 12 గ్రాముల ల్యాక్టోస్ ఉంటుంది. పెరుగులో కొంత భాగాన్ని బ్యాక్టీరియా ముందే తినేసి ఉంటుంది. మజ్జిగ పడుతోందన్నారు కాబట్టి గట్టి పెరుగు అరకప్పుకు, ఆ తర్వాత కాఫీలో పాలకు వెళ్లండి.

రెండో దారి ప్రోబయాటిక్. 'మంచి ప్రోబయాటిక్ ఏది' అన్న ప్రశ్నకు ఒక్క పేరు చెప్పలేకపోవడానికి కారణముంది. ఏ జాతి, ఏ మోతాదు, ఎవరికి, దేనికి అన్నదాన్ని బట్టి ఫలితం పూర్తిగా మారిపోతుంది. ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేల మందికి పైగా నవజాత శిశువుల మీద జరిగి 2017లో ప్రచురితమైన అధ్యయనంలో, ల్యాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను దాని ఆహారంతో కలిపి వారం పాటు ఇస్తే, రక్తంలో ఇన్ఫెక్షన్ లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. అంత గొప్ప ఫలితం కూడా ఆ జాతికి, ఆ పిల్లలకే చెల్లుతుంది. యాంటీబయాటిక్స్ తర్వాత పెద్దవాళ్ల మీద ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో ప్రచురించిన చిన్న అధ్యయనంలోనైతే, పలు జాతులు కలిపిన ప్రోబయాటిక్ తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఏమీ తీసుకోనివారికంటే ఆలస్యమైంది. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పేగు కలత (ఐబీఎస్) ఉన్నవారికి ప్రోబయాటిక్స్‌ను మామూలుగా వాడమని సిఫారసు చేయలేదు.

అయినా ప్రయత్నించాలని ఉంటే, జాతి పేరు, సంఖ్య స్పష్టంగా రాసి ఉన్న ఒక్కటే ఎంచుకుని నాలుగు వారాలు వాడండి. ఆ నాలుగు వారాలూ ఇంకేదీ మార్చకండి. తేడా లేకపోతే ఆపేయండి. పది రోజులకొకటి మార్చితే డబ్బు పోవడమే తప్ప ఏమీ తేలదు.

మూడోది, కిట్. ఆరోగ్యవంతుడి పేగులో ఏ జాతి ఎంత శాతం ఉండాలో ఒప్పుకున్న కొలత ఇప్పటికి లేదు. ఒకే మనిషి మలం ఈ వారానికి పైవారానికి మారుతుంది. రిపోర్టులో రంగురంగుల గీతలు వస్తాయి, చివరికి 'పీచు ఎక్కువ తినండి' అని ఉంటుంది. లేదా మీరు ఇప్పటికే మానేసినవాటికి ఇంకో పది చేర్చిన జాబితా వస్తుంది. ఆ జాబితానే నాకు ఎక్కువ భయం. మీవారు మీకోసం ఆరాటపడుతున్నారు, ఆ పద్నాలుగు వేలు పైన రాసిన పరీక్షలకు, ఒక మంచి డైటీషియన్‌కు ఖర్చు పెట్టమనండి.

నాలుగోది, పన్నెండు వారాలైనా కుదరకపోతే, ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన తక్కువ ఫోడ్‌మ్యాప్ ఆహారం. పులిసే పదార్థాలను రెండు నుంచి ఆరు వారాలు ఆపి, ఒక్కొక్కటే వెనక్కి తెచ్చి, ఏది పడదో తేల్చే పద్ధతి ఇది. చాలామంది మొదటి దశ చేసి, బాగుంది కదా అని అక్కడే ఉండిపోతారు. అలా ఉండిపోతే మేలు చేసే బిఫిడో జాతులు తగ్గుతాయి. మీరు ఇప్పటికే సగం అక్కడ ఇరుక్కున్నారు కాబట్టి డైటీషియన్ లేకుండా దీని జోలికి వెళ్లకండి.

తిండితో బ్యాక్టీరియాను మార్చగలమా అన్న సందేహం మీ ఉత్తరం అడుగున కనిపిస్తోంది. ఢాకాలోని మీర్‌పూర్ బస్తీలో పోషణ తగ్గిన పసిపిల్లలకు శనగపిండి, సోయాపిండి, వేరుశనగ ముద్ద, అరటికాయ కలిపిన ఆహారం మూడు నెలలు ఇచ్చారు. మామూలుగా ఇచ్చే పోషకాహారం కంటే అందులో కేలరీలు తక్కువ. అయినా పిల్లలు ఎదుగుదలలో ముందున్నారు, పేగు బ్యాక్టీరియా కూడా మెరుగైంది. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. అందులో మన వంటింట్లో లేని సరుకు ఏదీ లేదు. ఐదో వారం నుంచి వారానికి రెండుసార్లు అరటికాయ కూర మీరూ మొదలుపెట్టవచ్చు.

రూట్ కెనాల్ గురించి భయపడకండి. ముఖం వాపు, జ్వరం, పాకుతున్న చీము లేకపోతే రూట్ కెనాల్‌కు చాలావరకు యాంటీబయాటిక్ అవసరం ఉండదు. కుర్చీలో కూర్చోకముందే మీ డెంటిస్ట్‌కు నిరుటి మూడు కోర్సుల సంగతి చెప్పి, 'ఇది లేకుండా కుదురుతుందా' అని అడగండి. తప్పదంటే ఎన్ని రోజులో స్పష్టంగా రాయించుకోండి. తోడుగా గ్యాస్ గోలీ ఎందుకో కూడా అడగండి. కోర్సు వాడినన్నాళ్లూ శాకరోమైసిస్ బౌలార్డీ అనే ప్రోబయాటిక్ తీసుకోవచ్చేమో ఆయన్నే అడగండి. అది ఈస్టు కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దాన్ని చంపదు, యాంటీబయాటిక్ విరేచనాలను కొంత తగ్గిస్తుందని ఆధారాలున్నాయి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు మాత్రం వాడకూడదు. కోర్సు మధ్యలో గానీ, అయిపోయిన రెండు మూడు నెలల్లో గానీ రోజుకు మూడు, అంతకుమించి నీళ్ల విరేచనాలు మొదలైతే విరేచనాలు ఆపే లోపెరమైడ్ కొని వేసుకోకండి. అది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పేగు ఇన్ఫెక్షన్ కావచ్చు. మలపరీక్షలో తేలుతుంది, దానికి మందు వేరే ఉంది.